కాబూల్‌లో ఎంబసీ తెరిచాం సరే, ఎవరితో మాట్లాడటానికి?

(నల్లమాడలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఫ్ఘనిస్తాన్‌తో మన దేశం దౌత్య సంబంధాలు తిరిగి పెట్టుకోవటం సరైనదా కాదా అనే విషయం మీద మాట్లాడమన్నారు నన్ను. సభ మొదలుకాకముందే ఒక అక్క అడిగేసింది: ‘‘కాబూలు సంగతి మనకు యాల మేడం? చెనిక్కాయకు బీమా డబ్బులు పడలేదని అడుగుతా ఉంటే ఎవురూ పలకరు.’’ న్యాయమైన ప్రశ్నే. విదేశాంగ విధానం అంటే ఢిల్లీలో కోట్లు వేసుకున్న మగవాళ్ళు తలుపులు మూసుకుని మాట్లాడుకునే వ్యవహారమని మనకు అలవాటు చేశారు. దాని ఫలితాలు మాత్రం తలుపు తట్టకుండానే మన ఇళ్ళలోకి వస్తుంటాయి.

హిందూపురం మార్కెట్‌లో పట్టుగూళ్ళ రేటు ఎందుకు పడిపోతుందో మల్బరీ పెట్టినవాళ్ళకు తెలుసు. చైనా పట్టు చవగ్గా దిగితే ఇక్కడ గూళ్ళకు గిరాకీ తగ్గుతుంది. అదే పట్టు చవగ్గా వస్తే ధర్మవరం మగ్గానికి కాస్త ఊపిరాడుతుంది. 1962 యుద్ధం తర్వాత 1976 దాకా మనకూ చైనాకూ మధ్య రాయబారులే లేరు. ఆ తలుపు తెరవటం మంచిదా చెడ్డదా అని అప్పుడు ఎవరూ ఆకు కోసే ఆడమనిషిని గానీ, ఆసు పోసే ఆడమనిషిని గానీ అడగలేదు. అడిగితే ఇద్దరూ రెండు రకాలుగా చెప్పి ఉండేవాళ్ళు.

కాబూల్ దగ్గరికే వస్తే, మన పులిహోర పోపులో వేసే ఇంగువ చూడండి. ఆ బంక చాలావరకు ఆఫ్ఘన్ కొండల నుంచే వస్తుంది. అక్కడ రాజు దిగిపోయినా, రష్యా సైన్యం వచ్చినా, అమెరికా సైన్యం వచ్చినా, తాలిబాన్లు వచ్చినా ఇంగువ రావటం మానలేదు. ప్రభుత్వాల మధ్య మాటలు లేకపోయినా సరుకు ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. దారి మూసుకుపోయేది మనుషులకు. అందులోనూ ముందు ఆడవాళ్ళకు.

ఇక ఎంబసీ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. కదిరి, రాయచోటి, కడప వైపు నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళిన స్త్రీలు ఎందరో ఉన్నారు. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళతో మాట్లాడినప్పుడు నేను గమనించింది ఏమిటంటే, వాళ్ళకు ఎంబసీ అనేది పేపర్లో చదివే మాట కాదు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంటుంది. నెలల తరబడి జీతం రాదు. రాత్రిపూట ఆ ఇంట్లోంచి బయటపడ్డ మనిషికి మిగిలే ఒకే ఒక్క గడప అది. అక్కడ ఔట్‌పాస్ దొరికితే ఇంటికి దారి, దొరక్కపోతే పోలీసు ఠాణా. ఆ గడప దగ్గర చదువురాని ఆడమనిషికి దక్కే మర్యాద ఎంత అనేది వేరే సంగతి. గడపంటూ ఉండాలి కదా!

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అప్పుడు అక్కడ చిక్కుకున్న భారతీయులు దాదాపు లక్షా డెబ్బై వేలమంది. వాళ్ళలో మన రాయలసీమ జనం తక్కువేమీ కాదు. అప్పటి మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళి సద్దాం హుస్సేన్‌ను కలిశాడు. ఇద్దరూ కౌగిలించుకున్న ఫొటో ప్రపంచమంతా అచ్చయింది. పక్కదేశాన్ని మింగినవాడిని కౌగిలించుకుంటావా అని విమర్శలు వచ్చాయి. కానీ ఆ తర్వాత మనవాళ్ళు ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరుకున్నారు. అక్కడి నుంచి ఎయిర్ ఇండియా 59 రోజుల పాటు 488 విమానాల్లో వాళ్ళను తీసుకొచ్చింది. ఆ కౌగిలి నాకేమీ అందంగా అనిపించదు. అయినా ఆ రోజు మాట్లాడకూడదనే హక్కు, ఇక్కడ సురక్షితంగా కూర్చున్న మనకెవరికీ లేదు. అందుకే దుర్మార్గపు ప్రభుత్వంతో అసలు మాట్లాడనే కూడదనే వాదనతో నేను ఏకీభవించలేను.

అలాగని ఎంబసీ ఉంటే చాలు, అంతా సర్దుకుంటుందనే మాటా నమ్మను. దానికీ మన తెలుగువాళ్ళ చరిత్రే సాక్ష్యం. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి తీరాల నుంచి తరతరాలుగా బర్మా వెళ్ళి రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగువాళ్ళు లక్షల్లో ఉండేవాళ్ళు. 1962లో అక్కడ నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. దేశం తలుపులు వేసుకుంది. 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళలో సుమారు మూడు లక్షలమంది భారతీయులు కట్టుబట్టలతో తిరిగివచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే. ఓడ ఎక్కేముందు ఆడవాళ్ళ ఒంటిమీది బంగారం తీసుకున్నారని, తాళిబొట్లు కూడా వదల్లేదని వచ్చినవాళ్ళు చెప్పుకున్నారు. అప్పుడు మనకు రంగూన్‌లో ఎంబసీ లేదా అంటే, ఉంది. సంబంధాలు ఒక్కరోజు కూడా తెగలేదు. తెగకుండా ఉండటమే ముఖ్యమనుకున్నారు కాబట్టి మన ప్రభుత్వం గొంతు పెంచలేదు. పొరుగు ప్రభుత్వంతో సఖ్యత కోసం ఎవరి తాళిబొట్టు ఖర్చు రాసుకున్నారో ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

అంటే ఎంబసీ తెరవాలా మూయాలా అనే ప్రశ్న అసలు ప్రశ్న కాదు. తెరిచిన ఎంబసీలోంచి ఎవరి తరఫున మాట్లాడతారు, ఇంకా ఎవరెవరితో మాట్లాడతారు అనేది మనం అడగాలి.

ఇప్పుడు కాబూల్ చూద్దాం. 1996 సెప్టెంబర్‌లో తాలిబాన్లు మొదటిసారి కాబూల్‌ను పట్టుకున్నప్పుడు మన ఎంబసీ మూసేశారు. ఆ ప్రభుత్వాన్ని ప్రపంచంలో మూడే దేశాలు గుర్తించాయి: పాకిస్తాన్, సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్. 1999 డిసెంబర్‌లో మన విమానాన్ని కాందహార్‌కు ఎత్తుకుపోయినప్పుడు, సంబంధాలే లేని ఆ ప్రభుత్వంతోనే మనం మాట్లాడాల్సి వచ్చింది. 2001 చివర్లో తాలిబాన్లు దిగిపోయాక ఎంబసీ మళ్ళీ తెరుచుకుంది. ఆ తర్వాతి ఇరవయ్యేళ్ళలో మన దేశం అక్కడ చేసిన పనులు చిన్నవి కావు. హెరాత్ దగ్గర ఆనకట్ట, జరంజ్ నుంచి దెలారం దాకా 218 కిలోమీటర్ల రోడ్డు. అహ్మదాబాద్ ‘సేవా’ సంస్థ కాబూల్ వెళ్ళి, యుద్ధంలో భర్తల్ని పోగొట్టుకున్న స్త్రీలకు కుట్టుపనీ ఇతర పనులూ నేర్పింది. 2015 డిసెంబర్‌లో ప్రారంభమైన వాళ్ళ పార్లమెంటు భవనం కట్టించి ఇచ్చింది కూడా మనమే. దిగువసభలో 249 సీట్లలో 68 స్త్రీలకు కేటాయించాలని వాళ్ళ 2004 రాజ్యాంగం రాసుకుంది. మనమేమో భవనం కట్టించి ఇచ్చాం కానీ, మన పార్లమెంటులో మూడోవంతు సీట్ల చట్టం 2023 దాకా పాస్ చేసుకోలేకపోయాం. 2024 ఎన్నికల్లో అదీ అమలు కాలేదు!

2021 ఆగస్టు 15న తాలిబాన్లు మళ్ళీ కాబూల్‌లోకి వచ్చారు. రెండు రోజుల్లో మన ఎంబసీ సిబ్బందిని విమానంలో తీసుకొచ్చేశారు. 2022 జూన్‌లో ‘సాంకేతిక బృందం’ పేరుతో కొందరిని తిరిగి పంపారు. 2025 జనవరిలో మన విదేశాంగ కార్యదర్శి దుబాయ్‌లో తాలిబాన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తాకీని కలిశారు. జూలైలో రష్యా ఆ ప్రభుత్వాన్ని గుర్తించింది. అలా గుర్తించిన మొదటి దేశం అదే. అక్టోబర్‌లో ముత్తాకీ ఢిల్లీ వచ్చాడు. అతని మీద ఐక్యరాజ్య సమితి ప్రయాణ నిషేధం ఉంది కాబట్టి భద్రతామండలి కమిటీ ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. అక్టోబర్ 21న కాబూల్‌లోని మన సాంకేతిక బృందానికి ఎంబసీ హోదా తిరిగి ఇచ్చారు. ప్రభుత్వంగా గుర్తింపు మాత్రం అప్పుడు ఇవ్వలేదు. ఎంబసీ వేరు, గుర్తింపు వేరు. ఈ తేడా మనం మరిచిపోకూడదు. మన బేరం ఇంకా ఏదైనా మిగిలి ఉందీ అంటే అది ఆ తేడాలోనే ఉంది.

ఈ నాలుగేళ్ళలో అక్కడ ఏం జరిగింది? ఆడపిల్లల చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. 2021 డిసెంబర్‌లో, దూర ప్రయాణానికి మగ తోడు ఉండి తీరాలన్నారు. 2022 డిసెంబర్‌లో యూనివర్సిటీలు మూశారు, ఆ నెలలోనే స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగాలు పోయాయి. 2023లో బ్యూటీ పార్లర్లు మూయించారు. మనకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు, కానీ మగవాళ్ళు అడుగుపెట్టని చోట ఆడవాళ్ళు కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునే జాగా అదొక్కటే మిగిలింది. 2024 ఆగస్టు చట్టంలో స్త్రీ గొంతు కూడా దాచవలసిన వస్తువుల్లో చేరింది. 2024 డిసెంబర్‌లో నర్సు, మంత్రసాని శిక్షణలు కూడా ఆపేశారు. 2025 ఆగస్టు 31 రాత్రి కునార్‌లో భూకంపం వచ్చి రెండువేల రెండువందల మందికి పైగా చనిపోయారు. పరాయి ఆడవాళ్ళను ముట్టుకోకూడదనే నియమం వల్ల శిథిలాల దగ్గర స్త్రీలకు సాయం ఆలస్యమయిందని వార్తలు వచ్చాయి. మనిషి రాళ్ళకింద ఉన్నా ముందు ఆడదే, తర్వాతే మనిషి.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. తాలిబాన్ల సంగతి ఎత్తగానే కొందరు కదిరిలో మన పక్కింటి ముస్లిం అమ్మాయి వైపు వేలు చూపిస్తారు. దానికి ఈ సభ వేదిక కాకూడదు. ఆఫ్ఘన్ స్త్రీలు కూడా ముస్లింలే. బడి కోసం ఇళ్ళలో రహస్యంగా క్లాసులు నడుపుతున్నది, కాబూల్ వీధుల్లో తుపాకుల ముందు ‘రొట్టె, పని, స్వేచ్ఛ’ అని అరిచి దెబ్బలు తిన్నది ముస్లిం స్త్రీలే. వాళ్ళ పోరాటాన్ని ఇక్కడి ముస్లిం స్త్రీల మీద రాయిగా విసరటం వాళ్ళకు చేసే రెండో ద్రోహం.

2025 అక్టోబర్ 10న ఢిల్లీలో, ఆఫ్ఘన్ ఎంబసీ భవనంలో ముత్తాకీ పత్రికా సమావేశం పెట్టాడు. ఒక్క స్త్రీ విలేకరిని కూడా లోపలికి రానివ్వలేదు. గొడవయింది. ఆ ఏర్పాట్లతో తమకు సంబంధం లేదని మన విదేశాంగ శాఖ చెప్పింది. పిలుపుల జాబితా చిన్నది కావటం వల్ల వచ్చిన సాంకేతిక సమస్య అని ముత్తాకీ అన్నాడు. రెండు రోజుల తర్వాత ఇంకో సమావేశం పెట్టి స్త్రీలను పిలిచారు. వాళ్ళు ముందు వరసలో కూర్చుని, ఆడపిల్లల బడుల సంగతి మొహం మీదే అడిగారు. ఆ విలేకరులు అలా గట్టిగా నిలబడ్డందుకు నాకు సంతోషం. నిలబడితే రెండు రోజుల్లో తలుపు తెరుచుకుంది, చూశారు కదా.

కానీ దాంతోనే ఆ కథ ముగిసిపోయినట్టు మన పత్రికలు వదిలేశాయి. కుర్చీలు వేసిన గది గురించి గొడవపడ్డాం, ఒప్పందాలు రాసుకున్న గది గురించి అడగలేదు. అక్టోబర్ 10న రెండు దేశాలూ కలిసి ఇచ్చిన ఉమ్మడి ప్రకటన చూడండి. అందులో ఉగ్రవాదం ఉంది, గనులు ఉన్నాయి, విమానాల్లో సరుకు రవాణా ఉంది, హెరాత్ ఆనకట్ట ఉంది, క్రికెట్ కూడా ఉంది. ఆడపిల్లల బడి లేదు. క్రికెట్ అంటే గుర్తొచ్చింది. ఆఫ్ఘన్ మగవాళ్ళ జట్టు ప్రపంచమంతా ఆడుతుంటే, వాళ్ళ ఆడపిల్లల జట్టు ఆస్ట్రేలియాలో తలదాచుకుంది. కడప జిల్లా పల్లె నుంచి వెళ్ళిన మన శ్రీచరణి 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉందని మనం చప్పట్లు కొట్టాం. అదే వయసు ఆఫ్ఘన్ పిల్ల బ్యాటు కాల్చేసుకుని పారిపోవలసి వస్తే, ‘క్రికెట్ సంబంధాలు’ అని ప్రకటనలో రాసుకునేటప్పుడు అది ఎవరి క్రికెట్టో అడగాలి కదా.

ఆ ప్రకటనలోనే ఇంకొక విషయం ఉంది. పక్తికా, ఖోస్త్, పక్తియా రాష్ట్రాల్లో అయిదు ప్రసూతి ఆసుపత్రులు కట్టిస్తామని మన దేశం మాట ఇచ్చింది. మంచి పని. ఐక్యరాజ్య సమితి అంచనాల ప్రకారం ఆఫ్ఘనిస్తాన్‌లో లక్ష కాన్పులకు అయిదు వందలమందికి పైగా తల్లులు చనిపోతున్నారు. మన దేశంలో ఆ లెక్క వందలోపుకు దిగింది. ప్రసూతి ఆసుపత్రి ఆ తల్లులకు నిజంగా కావాలి. కానీ గోడలు కాన్పు చెయ్యవు. మంత్రసాని చదువే నిషేధించిన చోట అయిదు ప్రసూతి ఆసుపత్రులు కడితే వాటిలో ఎవరు పనిచేస్తారు? చాలాచోట్ల మగ డాక్టరు ఆడవాళ్ళను చూడకూడదంటారు. ఆడ డాక్టరు తయారుకావటానికి వీల్లేదంటారు. ఇప్పుడున్న నర్సులు ముసలివాళ్ళయ్యాక ఆ మంచాల పక్కన నిలబడేది ఎవరు? ఆ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళకు ఈ ప్రశ్న తట్టలేదా? ఆ గదిలో కాన్పు కష్టం తెలిసిన ఒక్క ఆడమనిషి తగుమాట ఉండి ఉంటే మొదట అడిగేది ఇదే. మన ఊళ్ళో ఏఎన్ఎం అమ్మాయి అయినా అడిగేది.

సంబంధాలు తిరిగి పెట్టుకోవటం మీద దేశంలో నడిచిన చర్చలో రెండు వైపులూ నేను శ్రద్ధగానే చదివాను. ఒక వైపువాళ్ళు, పాకిస్తాన్‌కూ తాలిబాన్లకూ చెడింది, ఇదే అదను, మనం వెళ్ళకపోతే చైనా వెళ్తుందంటారు. ఈ వాదంలో స్త్రీ ఎక్కడా లేదు. ఎవరి ఇంటి లోపలి సంగతులు వాళ్ళవి, మనం జోక్యం చేసుకోకూడదు అని కూడా అంటారు. ‘అది ఇంటి లోపలి సంగతి’ అనే మాట మనం ఎక్కడ విన్నాం? మొగుడు కొట్టాడని పోలీసుస్టేషన్‌కు పోతే వినలేదూ? ఇంటి గోడకూ దేశం సరిహద్దుకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు.

రెండో వైపువాళ్ళు తాలిబాన్లతో కరచాలనమే సిగ్గుచేటంటారు. వీళ్ళలో మనవాళ్ళు, స్త్రీల ఉద్యమాలవాళ్ళు చాలామంది ఉన్నారు. ప్రవాసంలో ఉన్న ఆఫ్ఘన్ స్త్రీ నాయకులు కూడా చాలామంది ఇదే మాట చెబుతున్నారు. గుర్తింపు విషయంలో వాళ్ళ మాటే శిరోధార్యం అనుకుంటాను. కానీ తలుపులన్నీ మూసినంత మాత్రాన లోపలున్న స్త్రీకి ఏమీ ఒరగదు. 1996 నుంచి 2001 దాకా మూసే చూశాం. మందులు రావాలన్నా, వీసా కావాలన్నా, కనీసం ఏం జరుగుతోందో మనకు తెలియాలన్నా లోపల ఒక మనిషి ఉండాలి.

ఈ ఇరకాటంలో మన దేశ చరిత్రలోనే ఒక దారి ఉంది. 1946లో దక్షిణాఫ్రికా తెల్ల ప్రభుత్వం భారతీయుల భూమి హక్కుల మీద చట్టం తెచ్చింది. అక్కడి నేటాల్ చెరకు తోటలకు 1860 నుంచి కూలికి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది. ఇంకా స్వాతంత్ర్యం కూడా రాని మన దేశం అప్పటి ఎగుమతుల్లో 5 శాతానికి పైగా వదులుకుని దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేసింది, రాయబారిని వెనక్కి పిలిచింది. ఆ ఏడాదే ఐక్యరాజ్య సమితిలో ఆ విషయం లేవనెత్తిన భారత బృందానికి నాయకురాలు విజయలక్ష్మి పండిట్. అది మీ ఇంటి లోపలి సంగతి అని మనం అనలేదు. జోక్యం చేసుకోవద్దని అన్నది తెల్ల ప్రభుత్వం. తర్వాత ఎన్నో ఏళ్ళు మన పాస్‌పోర్టుల మీద దక్షిణాఫ్రికాకు చెల్లదని ముద్ర ఉండేది. పూర్తి సంబంధాలు మళ్ళీ 1993 నవంబర్‌లోనే.

ఇందులో మనకు పనికొచ్చే విషయం బహిష్కరణ ఒక్కటే కాదు. ఆ బహిష్కరణ చెయ్యమని అడిగింది అక్కడి నల్లవాళ్ళు, భారతీయులు. అణిగిపోతున్నవాళ్ళు అడిగితే మనం చేశాం. అంతేకాదు, 1967లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు ఢిల్లీలో కార్యాలయం పెట్టుకోనిచ్చాం. ప్రభుత్వానికి తలుపు మూసి, ఆ ప్రభుత్వం గొంతు నొక్కిన ప్రజలకు తలుపు తెరిచాం. 2023 నుంచి ఆఫ్ఘన్, ఇరాన్ స్త్రీలు కొందరు తమ మీద జరుగుతున్నదాన్ని ‘జెండర్ అపార్థైడ్’ అని పిలవాలని, అంతర్జాతీయ నేరంగా ప్రకటించాలని ఉద్యమం చేస్తున్నారు. అపార్థైడ్ అనే మాట వినగానే అందరికంటే ముందు కదలవలసింది మన దేశం. 2024 సెప్టెంబర్‌లో జర్మనీ, ఆస్ట్రేలియా, కెనడా, నెదర్లాండ్స్ స్త్రీల హక్కుల ఒప్పందం కింద ఆఫ్ఘనిస్తాన్‌ను అంతర్జాతీయ న్యాయస్థానానికి లాగుతామని ప్రకటించాయి. ఆ ఒప్పందం మీద మనమూ 1993లో ఆమోదముద్ర వేశాం. ఆ నాలుగు దేశాల్లో మనం లేం. 2025 జూలైలో ఆఫ్ఘనిస్తాన్ పరిస్థితి మీద ఐక్యరాజ్య సమితి సర్వసభ్యసభ తీర్మానం చేస్తే 116 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. మనం ఎటూ వెయ్యలేదు.

అందుకని నా అభిప్రాయం ఇది. కాబూల్‌లో ఎంబసీ ఉండనివ్వండి. ప్రభుత్వంగా గుర్తింపు మాత్రం బడులు తెరిచేదాకా ఇవ్వకూడదు. ముఖ్యంగా, తాలిబాన్ల ప్రతినిధులకు ఢిల్లీలో చోటు ఇచ్చినప్పుడు, ఆఫ్ఘన్ స్త్రీల ప్రతినిధులకు కూడా అదే ఢిల్లీలో ఒక కార్యాలయం ఇవ్వాలి. ఆనాడు 1967లో ఇచ్చినట్టే. ఒకరితో మాట్లాడి ఇంకొకరితో మాట్లాడకపోతే దాన్ని తటస్థత అనరు.

వీసాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రంగీనా కర్గార్ అని ఆఫ్ఘన్ పార్లమెంటు సభ్యురాలు, మనం కట్టించిన ఆ భవనంలో కూర్చున్న స్త్రీ. తాలిబాన్లు వచ్చిన అయిదో రోజున, 2021 ఆగస్టు 20న, ఇస్తాంబుల్ నుంచి ఢిల్లీ విమానాశ్రయంలో దిగింది. గంటల తరబడి కూర్చోబెట్టి వచ్చిన దారినే పంపేశారు. తర్వాత మన ప్రభుత్వం పొరపాటయిందని విచారం తెలిపింది. కానీ ఆ నెలలోనే ఆఫ్ఘన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలన్నీ రద్దు చేశారు. సెలవులకు ఇంటికి వెళ్ళిన విద్యార్థులు అక్కడే చిక్కుకుపోయారు. హైదరాబాద్‌లో ఉస్మానియా, ఇఫ్లూ లాంటి చోట్ల ఆఫ్ఘన్ విద్యార్థులు చదవటం మనకు కొత్త కాదు. సగంలో చదువు ఆగిపోయిన ఆడపిల్లకు అక్కడ యూనివర్సిటీ లేదు, ఇక్కడికి రావటానికి వీసా లేదు. 2025లో కొత్త వీసా పద్ధతి మొదలుపెట్టారు కానీ, ఆ నాలుగేళ్ళూ ఆమెకు ఎవరు తిరిగి ఇస్తారు? ముత్తాకీకేమో ఐక్యరాజ్య సమితి నుంచి మినహాయింపు తెప్పించుకుని మరీ రమ్మన్నాం. పారిపోయి వచ్చిన స్త్రీకి మన దేశంలో శరణార్థుల చట్టమే లేదు. 2019 పౌరసత్వ సవరణలో ఆఫ్ఘనిస్తాన్ పేరు ఉంది, కానీ అందులో ముస్లిం స్త్రీకి చోటు లేదు. తాలిబాన్ కొరడా ఆమె వీపునే కదా వెతుక్కుంటున్నది!

ఇంత దూరం మాట్లాడి మన గది సంగతి వదిలేస్తే న్యాయం కాదు. మన పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. సంతకం సర్పంచమ్మది, కుర్చీ ఆమె భర్తది. ముత్తాకీ సమావేశంలో స్త్రీలు లేరని గగ్గోలు పెట్టిన మగవాళ్ళు కొందరు ఆ సాయంత్రం తమ భార్యల బదులు గ్రామసభకు వెళ్ళి కూర్చుని ఉంటారు. రెండూ ఒకటని నేననను. బడికి వెళ్తే కొరడా దెబ్బలు ఉన్న చోటికీ, లేని చోటికీ చాలా దూరం ఉంది. కానీ గదిలో స్త్రీ లేకపోతే కాగితం మీద ఏమి రాస్తారో మనకు పక్కాగా తెలుసు, అందుకే ప్రసూతి ఆసుపత్రి సంగతి మనకు వెంటనే పట్టుబడింది.

ఇప్పుడు మనం చెయ్యగలిగింది ఏమిటని మీరు అడగవచ్చు. పెద్ద తీర్మానాలు ఢిల్లీలో చేసుకుంటారు. నేను చిన్నదొకటి అడుగుతాను. ఆ అయిదు ఆసుపత్రులకు కావలసిన నర్సులకు, మంత్రసానులకు మన దేశంలో శిక్షణ ఇవ్వాలని, ఆ వీసాలు కాబూల్ ఎంబసీ నుంచే ఇవ్వాలని, మగ తోడు నిబంధన వల్ల రాలేని అమ్మాయికి తోడు వచ్చేవాళ్ళకు కూడా వీసా ఇవ్వాలని అడుగుదాం. మన జిల్లాలోనూ, అనంతపురంలోనూ నర్సింగ్ కాలేజీలు ఉన్నాయి. ఒక్కో దాంట్లో రెండు సీట్లు కేటాయించినా చాలు, మొదటి ఆసుపత్రికి మనుషులు దొరుకుతారు. తాలిబాన్లు ఒప్పుకోకపోతే, ఆడవాళ్ళకు వైద్యం చేసే ఆడవాళ్ళను రానివ్వని ప్రభుత్వమని ప్రపంచానికి చెప్పవలసిన బాధ్యత మన రాయబారికి ఉంటుంది.

విదేశాంగ మంత్రికి పంపే ఉత్తరం ముసాయిదా ఇక్కడ బల్లమీద పెట్టాం. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యవచ్చు, దానికీ అంతే విలువ. చెనిక్కాయ బీమా గురించి కలెక్టర్‌కు రాసింది కూడా పక్కనే ఉంది, రెండింటి మీదా వెయ్యండి. ఉత్తరం తెలుగులోనే ఉంది. దాన్ని అనువదించుకోవటం వాళ్ళ శాఖ పని.